మా అత్త, చుక్కల ప్రింటరు

మా మేనత్త గ్రంథాలయంలో కంప్యూటర్ల గది చూసుకుంటుంది. ఊడ్చే పనికి చేరిన మనిషి. ఇప్పుడు ఆ గదిలో ఆమె మాటే చెల్లుతుంది. గొప్పలు పోతున్నాననుకుంటారేమో, అవును, పోతున్నాను.

ఆ గదిలోని పన్నెండు కంప్యూటర్లనూ నడిపే సిస్టమ్ ఒక కంపెనీది. పాతదానికి ఇక మరమ్మతులు పంపేది లేదని, కొత్తది ఈ పెట్టెల్లో నడవదని కంపెనీ తేల్చేసింది. పై అధికారి మూడు వారాల గడువిచ్చాడు. ఆలోగా ప్రింటరుతో సహా అన్నీ పనిచేయకపోతే సామానంతా తుక్కుకి, గదికి తాళం. అత్తకు ఒళ్లు మండింది.

"పెట్టెలకేం కాలేదు సార్. వాళ్లు చేతులు దులుపుకున్నారు, అంతే" అంది.

లినక్స్ అనే వేరే సిస్టమ్ ఎక్కించింది. దాని లోపలి రాత అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరైనా చదవొచ్చు, దిద్దొచ్చు. కంపెనీది మూత అతికించిన రేడియో. బాగానే పాడుతుంది, విప్పే హక్కు మాత్రం వాళ్లదే. అలాగని అత్తకు పంతమేమీ లేదు. ఆఫీసు ప్రోగ్రాములు కంపెనీ సిస్టమ్ మీదే నడుస్తాయి కాబట్టి ఆఫీసు గది జోలికి పోలేదు.

పన్నెండూ లేచి కూర్చున్నాయి. చూపులేనివాళ్లు వేళ్లతో చదివే చుక్కలను కాగితం మీద పొడిచే ప్రింటరు మాత్రం మొండికేసింది. దాన్ని నడిపే ప్రోగ్రాము కంపెనీ సిస్టమ్‌కే ఉంది. రోజూ వచ్చే చూపులేని సంగీతం మాస్టారి పాఠాలన్నిటికీ ఆ ప్రింటరే ఆధారం. లినక్స్ కోసం ఎనిమిదిమంది ముక్కూమొహం తెలియనివాళ్లు కలిసి రాసిన ప్రోగ్రాము అత్తకు దొరికింది. చుక్కలు బారులు తీరి కనబడగానే, బ్రహ్మాండంగా ఉందని వాళ్లకు ఉత్తరం రాసేసింది. మాస్టారు వేళ్లు ఆనించి నవ్వాడు.

"ప్రతి లైనులో చివరి అక్షరం మింగేసిందమ్మా."

అత్త సిగ్గుతో చచ్చిపోయింది. వారంపాటు కళ్లు మూసుకుని ఆ చుక్కలను తడిమి నేర్చుకుంది. తర్వాత ప్రోగ్రాము తెరిచి చదివింది. లైనుకు నలభై ఒకటి అని ఉంది, కాగితంలో పట్టేవి నలభై. ఆ ఒక్క అంకె దిద్ది, రాసినవాళ్లకూ పంపింది.

గడువు రోజున అధికారి వచ్చాడు. అత్త ఆ ప్రోగ్రాము రాసినవాళ్ల జాబితానే ప్రింటు తీసింది. మాస్టారు వేళ్లతో ఎనిమిది పేర్లు చదివి, తొమ్మిదో దగ్గర ఆగి, మళ్లీ తడిమాడు.

"ఇది మన అమ్మాయి పేరు సార్. ఒక్క అక్షరం కూడా పోలేదు."

అధికారి తాళంచెవి అత్త చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని బల్ల మీద పడేసి, పాఠం ఏ పేజీ నుంచి కావాలని మాస్టారిని అడిగింది.