ఒడ్డున వదిలిన బూట్లు

మే నెల ఎండలో మంచు బూట్ల కోసం రెండు జిల్లాలు తిరిగిన ఆడదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. మా ఆయన అప్పన్న రొయ్యల మేత డీలరు. ఆ ఏడు అమ్మకం బాగుందని మేత కంపెనీవాళ్లు డీలర్లను భార్యలతో సహా నార్వే ఓడ ప్రయాణానికి తీసుకెళ్తామన్నారు. మా ఇద్దరికీ ఖర్చు లేదు. మా అత్త టిక్కెట్టు మాత్రం మేమే కొన్నాం. ఎందుకంటే కంపెనీ ఇచ్చిన రంగుల పుస్తకంలో మంచుకొండ బొమ్మ చూసిన రోజు నుంచి ఆవిడ ఇంట్లో ఎవరినీ కుదురుగా ఉండనివ్వలేదు.

మా అత్త పేరు పోలమ్మ. మొగుణ్ణి సముద్రం తీసుకుపోయాక గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మి మా ఆయన్ని పెంచింది. ఐసు దొరికిన రోజు బేరం, దొరకని రోజు చేపలు పారబోత. కరెంటు పోయినప్పుడల్లా ఐసు ఫ్యాక్టరీ గుమ్మంలో గంప పెట్టుకుని పడిగాపులు పడిన మనిషి. ఆ బొమ్మ మీద వేలు పెట్టి, "ఇంత ఐసుకి కరెంటు ఎవడిస్తన్నాడే?" అని అడిగింది. కరెంటు అక్కర్లేదు, దానంతటదే గడ్డకడుతుందని చెప్పాను. నమ్మలేదు. దాని మీద కాలు పెట్టి నిలబడితే గానీ నమ్మనంది. ఓడ, దేశం, విమానం ఇవేవీ ఆవిడకి పట్టలేదు. ఆ ఐసు మీద ఒక్కసారి నిలబడాలి, అంతే.

కంపెనీ పెట్టిన టూర్ మేనేజరు ఫోను చేసి, చీలమండ పైదాకా ఉండే బూట్లు, అడుగున గరుకుగా ఉన్నవి కొనుక్కోవాలన్నాడు. అవి లేకపోతే మంచు దగ్గరికి తీసుకెళ్లరట. శ్రీకాకుళంలో మూడు షాపులు తిరిగాం. మా అత్త పాదాలు ఇసకలో ఒట్టికాళ్లతో నడిచి నడిచి అడ్డంగా పరుచుకున్నాయి. ఆడవాళ్ల బూట్లలో ఆవిడ వేళ్లు కూడా దూరలేదు. ఒక షాపువాడు ఆ పాదాలు చూసి నవ్వాడు. వాడి మీద అరిచి బయటికొచ్చేశాను. రాజాంలో చూస్తే పెళ్లికొడుకులు తొడుక్కునే మెరుపు బూట్లు తప్ప ఏమీ లేవు. చివరికి విజయనగరంలో పోలీసులకి బూట్లమ్మే కొట్లో మగవాళ్ల సైజు ఎనిమిది సరిపోయింది. మా ఆయనదీ అదే సైజు, ఆయనకి తల్లి పాదాలే వచ్చాయి. రెండు జతలు ఒకే రకం నల్లవి తీసుకున్నాం. నాకు చిన్న సైజు ఒకటి దొరికింది. అత్త బూట్లు తొడుక్కుని నేలమీద నాలుగుసార్లు దబదబా తన్ని, బాగున్నాయంది.

బయల్దేరే రోజు పొద్దున్నే ఇంకో గొడవ. నా పాత హవాయి చెప్పు పట్టీ తెగిపోయి నెల్లాళ్లయింది. ఇల్లు ఊడుస్తూ ఆ జత చెత్తలో పడేశాను. అత్త వెళ్లి తీసుకొచ్చింది. మళ్లీ పడేశాను, మళ్లీ తెచ్చింది. "ఉండనీయే, నీకేటి పోయింది" అంది. ఊరు కాని ఊరు పోతూ తెగిన చెప్పుల కోసం పోట్లాటేమిటని నాకు ఒళ్లు మండింది. ఆటో హారన్ కొడుతుంటే వదిలేసి ఎక్కాను. ఇంటికి తాళం వేసి అత్త చివర వచ్చి కూర్చుంది.

ఆమదాలవలస స్టేషన్‌లో ఇడ్లీ తిని ఏడింటి బండెక్కాం. సంచీలోంచి బయటికి కనబడుతున్న బూట్లు చూసి ఎదురు సీటులోని ముసలాయన, కొడుక్కి పోలీసు ఉద్యోగం వచ్చిందా అని అత్తని అడిగాడు. తనకే వచ్చిందని చెప్పింది. విశాఖపట్నంలో విమానం, ఢిల్లీలో ఇంకోటి, మధ్యలో మరోటి మారి మర్నాడు మధ్యాహ్నానికి కోపెన్‌హేగెన్ చేరాం. పులిహోర పొట్లాలు ఢిల్లీలోనే అయిపోయాయి. చలి కత్తిలా కోస్తోంది. అత్త బూట్లు, రెండు జతల ఉన్ని మేజోళ్లు, మా ఆయన స్వెట్టరు వేసుకుని నిబ్బరంగా నడిచింది.

రేవులో నాలుగంతస్తుల మేడలు నాలుగు కలిపినంత ఓడ ఉంది. మా సామాను ఇంకా ఓడెక్కలేదని నేను టూర్ మేనేజరుతో వాదిస్తూ వంతెన ఎక్కేశాను. మా ఆయన మిగతా డీలర్లతో ఫొటోల్లో ఉన్నాడు. అత్త వెనక వస్తోందనుకున్నాను. వచ్చింది కూడా. గదిలోకి వెళ్లాక మంచం మీద కూర్చుని కాళ్లు పైకి పెట్టుకుంది. మేజోళ్లే ఉన్నాయి.

బూట్లేవని అడిగాను. ఒడ్డున ఒగ్గేశానంది.

మా వైపు సముద్రానికి పోయేవాళ్లు చెప్పులతో పడవెక్కరు. పడవ గంగమ్మ. ఇసకలో చెప్పులు విడిచి, దణ్ణం పెట్టి, అప్పుడు ఎక్కుతారు. ఒడ్డునున్న చెప్పులు ఎవరూ ముట్టుకోరు. ఇది నాకు తెలియని సంగతి కాదు, నేనూ ఆ ఇసకలోనే పుట్టాను. కానీ ఇది పడవా? లోపల లిఫ్టులున్నాయి, ఈతకొలను ఉంది, ఆ తివాచీల మీద వేలమంది బూట్లతో తిరుగుతున్నారు. పరిగెత్తుకుంటూ కిందికి వెళ్లేసరికి వంతెన తీసేశారు. నీళ్లు అంగుళం అంగుళం వెడల్పవుతున్నాయి. కింద సిమెంటు గట్టు మీద, ఒక ఇనప దిమ్మె పక్కన, ఆ బూట్లు రెండూ ఓడవైపు ముఖం పెట్టి పొందిగ్గా ఉన్నాయి.

గదికొచ్చి నోటికొచ్చినట్టు తిట్టాను. రెండు జిల్లాలు తిరిగిన ఎండంతా అప్పుడు బయటికొచ్చింది. బూట్లు లేకుండా ఐసు ఎలా తొక్కుతావు, ఇంత దూరం దేనికొచ్చావు అన్నాను. ఆవిడ మేజోళ్లు సర్దుకుంటూ నెమ్మదిగా చెప్పింది.

"మీ మావయ్య ఆయేళ కొత్త సెప్పులు కొన్నాడు. ఒడ్డున ఒగ్గితే ఎవడైనా ఎత్తుకుపోతాడని పడవలో ఎట్టుకున్నాడు. ఒడ్డున ఆయన్ది ఏదీ మిగల్నేదు. దేనికోసం తిరిగొస్తాడే మనిసి?"

పెళ్లై పన్నెండేళ్లయింది. ఈ మాట మా ఆయన ఏనాడూ నాకు చెప్పలేదు. తిట్టడం ఆపాను గానీ కోపం పోలేదు. అది మా ఆయన మీదికి మళ్లింది, కొంత సముద్రం మీదికి కూడా.

ఓడలో రెండు రోజులు గడిచాయి. తిండికి లోటు లేదు, రుచే లేదు. ఉడికించిన చేప ముక్క చూసి అత్త, ఇది చేపకి జరిగిన అన్యాయమంది. వెళ్లేవాళ్లు ఊరగాయ సీసా తప్పకుండా పట్టుకెళ్లండి, గదిలో పెట్టుకోనిస్తారు. ఓడలో బూట్లమ్మే కొట్టు ఉంది గానీ అందులో అత్త కాలు పట్టేవి లేవు. మంచు దగ్గర అద్దెకి దొరుకుతాయని టూర్ మేనేజరు మొదటి రోజు చెప్పాడు, మర్నాడు దొరకవన్నాడు. ఎందుకు మాట మార్చావంటే, తను కనుక్కుంటానని మాత్రమే అన్నాడట.

మూడో రోజు ఎనిమిదింటికి ఓడ ఒక చిన్న ఊరి దగ్గర ఆగింది. ఆ ఊరి పేరు పలకడం నాకిప్పటికీ రాదు. రెండు పక్కలా నల్లటి కొండలు, తలమీద తెల్లటి మంచు. బస్సు దగ్గర గైడు పిల్ల అందరి కాళ్లూ చూస్తోంది. అత్త మేజోళ్ల మీద, గదిలో వేసుకోడానికి తెచ్చుకున్న హవాయి చెప్పులేసుకుంది. ఆ పిల్ల మర్యాదగానే తల అడ్డంగా ఊపింది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కాళ్లకి అదే సైజు, అవే బూట్లు.

ఆయన చూపు తప్పించాడు. మంచు మీద డీలర్లందరికీ కంపెనీ బ్యానరుతో ఫొటో ఉందట. కంపెనీ మేనేజరు ముందు లేకపోతే బాగోదట. "అమ్మకి వీడియో తీసుకొస్తాన్లే" అని బస్సెక్కాడు. బస్సు వెళ్లిపోయింది. సముద్రమంత గొంతున్న మా అత్త రేవు పక్కన బల్ల మీద కూర్చుని చెప్పుల వైపు చూసుకుంటోంది. ఐసు ఫ్యాక్టరీ గుమ్మంలో కూడా ఇలాగే కూర్చునుంటుందని నాకు అనిపించింది. అంత కోపం నాకు జన్మలో రాలేదు.

బస్సు తిరిగొచ్చేది పన్నెండింటికి. ఓడ కదిలేది నాలుగున్నరకి. మధ్యలో ఎలా వెళ్లాలని అడిగితే, బస్సు మళ్లీ వెళ్లదు, సొంత బండి సొంత బాధ్యత, ఓడ ఎవరి కోసమూ ఆగదు అన్నాడు టూర్ మేనేజరు. రేవులో ఉన్ని టోపీలమ్మే ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్లాను. నా ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆవిడదీ అంతే. అత్త కాళ్లు చూపించి, కొండ చూపించి, గడియారం చూపించాను. ఆవిడ ఎవరికో ఫోను చేసింది. పన్నెండింటికి టాక్సీ వచ్చి నిలబడింది. మీరెవరైనా ఇలా ఇరుక్కుంటే ఓడవాళ్లనీ టూరువాళ్లనీ కాదు, రేవులో కొట్టు పెట్టుకున్నవాళ్లని అడగండి.

బస్సు దిగుతూనే మా ఆయన ఫోను తీసి వీడియో చూపించబోయాడు. "బూట్లిప్పు" అన్నాను. అందరి ముందూ ఏంటన్నాడు. "ఇప్పుతావా, నన్ను ఇప్పమంటావా" అన్నాను. తోటి డీలర్లు చూస్తున్నారు, కంపెనీ మేనేజరూ చూస్తున్నాడు. మా ఆయన బల్ల మీద కూర్చుని తాళ్లు విప్పాడు. విప్పి, లేచి, తనే వంగి తల్లి కాళ్లకి తొడిగాడు. అప్పుడు ఆయన ముఖం చూశాను, కోపం సగం తగ్గింది. మిగతా సగం టాక్సీలో నాతో పాటే వచ్చింది.

అరగంట ప్రయాణం. ఆ తర్వాత రాళ్లదారిలో గంటకు పైగా నడక. మలుపు తిరిగేసరికి మంచు ఉంది. బొమ్మలో తెల్లగా ఉంది గానీ అసలుది నీలంగా ఉంది. అత్త ఒక కాలు పెట్టింది, రెండోది పెట్టింది, బూటుతో దబదబా తన్ని చూసింది. తర్వాత వంగి ఒక పెళ్ల విరిచి నోట్లో వేసుకుంది. ఏమంటుందో అని చూస్తున్నాను.

"ఎవడూ ఆపనేడు" అంది. "కరెంటోడు గానీ, ఫ్యాక్టరీవోడు గానీ, ఎవడూ దీన్ని ఆపనేడే."

అని ఆ మంచు మీద నిలబడి ఏడ్చింది. నేను దగ్గరికి వెళ్లలేదు. డ్రైవరు చేతి గడియారం చూపించేదాకా అక్కడే ఉంది. నాలుగుంపావుకి వంతెన దగ్గరికి చేరాం. బూట్లు ఒడ్డున విడవబోతే, ఇవి నీ కొడుకువి, ఆయన ఓడలోనే ఉన్నాడని చెప్పి చేతిలో పట్టించాను.

తిరిగి కోపెన్‌హేగెన్ చేరేసరికి తెల్లవారింది. అత్త అప్పటికే పైన కమ్మీ పట్టుకుని నిలబడింది. ఇనప దిమ్మె పక్కన బూట్లు లేవు. ఆవిడ కమ్మీ వదలకుండా ఆ దిమ్మె వైపే చూస్తోంది. విమానాశ్రయానికి పోయే బస్సు బయట సిద్ధంగా ఉంది, టూర్ మేనేజరు చప్పట్లు కొట్టి తొందరపెడుతున్నాడు. ఆ బస్సు తప్పితే మీ దారి మీదేనన్నాడు. నేను బస్సు మెట్టు మీద ఒక కాలు, నేలమీద ఒక కాలు పెట్టి, "బండి కదిపితే సూడు" అన్నాను. పన్నెండేళ్లుగా డీలరుగారి భార్యగా జాగ్రత్తగా మాట్లాడుతున్న నా నోట్లోంచి మా అమ్మ గొంతు వచ్చింది. ఈసారి మా ఆయనే రేవు ఆఫీసులోకి పరిగెత్తాడు. కాసేపటికి తెల్లటి ప్లాస్టిక్ సంచీ పట్టుకొచ్చాడు. పోయిన వస్తువుల అరలో దాచిపెట్టారట. అత్త బస్సులోనే తొడుక్కుంది.

ఆ బూట్లు విశాఖపట్నం వచ్చినా విప్పలేదు. నలభై డిగ్రీల ఎండలో స్టేషన్ ప్లాట్‌ఫారం మీద టకటకమని నడిచింది. బండిలో కూరల గంపతో ఎక్కిన ఒకావిడ, "ఏటమ్మా, పోలీసుల్లో సేరినావేటి?" అంది. అత్త తన పాదాల వైపు చూసుకుని, మంచు తొక్కొచ్చానని జవాబిచ్చింది. ఆవిడ నమ్మలేదు, అత్త నమ్మించబోలేదు. ఆమదాలవలసలో దిగి ఆటో మాట్లాడుకున్నాం. ఈ ప్రయాణం మీద నాకు మంచి అభిప్రాయం లేదు. తిండి చప్పన, టూర్ మేనేజరు అబద్ధాలకోరు, చలికి ఎముకలు విరిగాయి. వెళ్లేవాళ్లు మాత్రం వెళ్లండి, బూట్లు ముందే చూసుకోండి.

మధ్యాహ్నం మూడింటికి ఇల్లు చేరాం. గుమ్మం పక్కన చేపల గంప బోర్లించి ఉంది. నేను ఆటో ఎక్కేటప్పుడు అది అక్కడ లేదు. అత్త వెళ్లి గంప ఎత్తింది. కింద మూడు జతల చెప్పులు వరసగా ఉన్నాయి. మా ఆయన పాతవి ఒక పక్క, అత్తవి ఒక పక్క, మధ్యలో నావి. తెగిన పట్టీకి పిన్నీసు పెట్టి ఉంది.

ప్రయాణమంతా పోగేసుకున్న కోపం అక్కడ దించేశాను. నా బూట్లు విప్పి, పిన్నీసు గుచ్చుకోకుండా చూసుకుంటూ, ఆ చెప్పుల్లో కాళ్లు పెట్టాను.