ఏమో మొక్కలు

1979 అక్టోబరులో ఒక మంగళవారం, కరుణమ్మ ఆంటీ ఒక ఎండు మొక్క అట్ట మీద అంటించిన చీటీని డాక్టర్ ప్రెంటిస్ గోటితో గీకి పీకేశాడు. దాన్ని ఉండ చుట్టి చెత్తబుట్టలో వేశాడు. ఆమె ఎదుటే.

"మీరు అంటించండి. చదివే పని మాకు వదిలేయండి" అన్నాడు.

నేను పక్కనే బీరువా తుడుస్తున్నాను.

అది ఎంత పెద్ద తప్పో తెలియాలంటే ఎండు మొక్కల గది పద్ధతి తెలియాలి. ఎక్కడి నుంచో తెచ్చిన మొక్కని ఎండబెట్టి మందపాటి అట్ట మీద అంటిస్తారు. కుడివైపు కింది మూలలో సేకరించినవాడి చీటీ ఉంటుంది: ఎక్కడ దొరికింది, ఎప్పుడు, అక్కడివాళ్లు దాన్ని ఏమంటారు. తర్వాత వచ్చినవాడికి అందులో తప్పు కనబడితే పాత చీటీని ముట్టుకోడు. దాని పైన తన చీటీ అంటించి, సంతకం చేసి, తేదీ వేస్తాడు. కొన్ని అట్టల మీద ఐదారుగురు పండితులు వందేళ్లుగా ఇలా పోట్లాడుకుంటూ ఉంటారు. ఎవరి తప్పూ చెరిగిపోదు. చదువుకున్నవాళ్ల లోకంలో నాకు నచ్చిన న్యాయం అదొక్కటే. డిగ్రీ లేదని దాన్ని కూడా ఆమెకి లేకుండా చేశారు.

ఆ గది ఉన్న మ్యూజియం పిస్కాటవే అనే ఊరికి ఇరవై మైళ్ల దూరంలో ఉండేది. పేరు చెప్పను. అందులో మొక్కల విభాగానికి ప్రెంటిస్ పెద్ద. నేను కాలేజీ మధ్యలో మానేసి అక్కడ బీరువాలు జరిపే పనిలో చేరాను. ఆంటీ మొక్కలు అంటించే పనిలో ఉండేది. జిగురు పూసి, కాడల్ని దారంతో కుట్టి, ఆరేదాకా వాటి మీద ఇసుక సంచులు పెట్టాలి. మ్యూజియం ఇచ్చిన బూడిద రంగు సంచులు చూసి "ఇవేంటి, చావు ఇంటి దిండ్లలాగా" అని, ఆమె తన పాత చీరలు చింపి కొత్తవి కుట్టింది. మేం పనిచేసే నేలమాళిగలో రంగు ఉన్నది ఆ సంచులకే. మాగాయ డబ్బా మూత తీస్తే జిగురు వాసన ఓడిపోయేది. ఏదో కీర్తన కూనిరాగం తీస్తూ, మొక్కలతో మాట్లాడుతూ ఉండేది. "కాలు చాపు తల్లీ, వందేళ్లు ముడుచుకున్నావు చాలు" అని.

ఆమె తండ్రి పోలవరం అవతలి కొండల్లో పాస్టరు. తల్లి ఆకులూ వేర్లూ ఇచ్చి వైద్యం చేసేది. ఆంటీ పదేళ్లప్పటికే అడవిలో ఆకు చూసి పేరు చెప్పేది. నర్సు ఉద్యోగంలో ఉన్న కూతురు ఉషా 1976లో ఆమెని దేశం దాటించి ఇక్కడికి రప్పించింది. చలికాలమంతా కిటికీలోంచి బోడి చెట్లు చూడలేక, పేపర్లో ప్రకటన పట్టుకుని ఈ పనికి వచ్చింది.

ఆమె అంటించాల్సినవి ఎలైజా థార్న్‌డైక్ అనే ఆయన తెచ్చిన మొక్కలు. టోపీలు కుట్టేవాడి కొడుకు. బడి ఎగ్గొట్టి చిత్తడి నేలల్లో తిరిగినవాడు. ఇరవై ఆరేళ్లప్పుడు ఒక మిషనరీ ఓడ ఎక్కి, దారంతా వాంతులు చేసుకుంటూ గోదావరి చేరాడు. తొమ్మిదేళ్లు కొండలు పట్టుకుని తిరిగాడు. గొడుగు పోయింది, బూట్లు పోయాయి, రెండుసార్లు జ్వరంతో ప్రాణం మీదికి వచ్చింది. మొక్కల పెట్టెలు మాత్రం పోనివ్వలేదు. వానలో తన దుప్పటి తీసి వాటికి కప్పేవాడట. ఆయన డైరీ నేనే ఆంటీకి చదివి వినిపించేవాణ్ణి. "పిచ్చోడు" అనేది ఆమె, సొంత తమ్ముణ్ణి అన్నట్టు.

1979 వేసవిలో ఒక రోజు ఆమె నన్ను పిలిచింది.

"దేవా, ఇట్రా. ఇక్కడివాళ్లు దీన్ని ఏమంటారని రాశాడో చదువు."

ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని "యెమో" అన్నాను.

"తెలుగోడిలా చదువు."

"ఏమో."

"ఆఁ. ఇప్పుడు ఈ రెండోది."

"ఏమో."

"ఇది?"

"ఏమో దొర."

ఆమె కుర్చీ పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "పాపం, ఎండలో మూట మోసేవాణ్ణి ఆపి పేరడిగితే ఇంకేమంటాడు? 'ఏమో దొరా' అన్నాడు. ఈయన పెన్సిలు తీసి రాసేసుకున్నాడు."

అలాంటివి పదకొండు తేలాయి. ఒకదానికొకటి పోలికే లేని మొక్కలు. వాటిలో మొదటిది పొడపత్రి అని ఆమె చూడగానే చెప్పింది. నమిలితే గంటసేపు పంచదార ఇసకలా ఉండే ఆకు. ఒక చీటీ రాసింది: 'ఏమో అనేది పేరు కాదు. తెలుగులో తెలియదు అని అర్థం. ఈ మొక్క పొడపత్రి. కరుణమ్మ.' తేదీ వేసి అంటించింది.

డాక్టర్ ప్రెంటిస్ ఏడాది క్రితమే ఈ పదకొండు మొక్కల మీద ఇరవై పేజీల వ్యాసం అచ్చు వేయించుకున్నాడని అప్పటికి మాకు తెలియదు. కొండవాళ్లు పవిత్రమైన మందుమొక్కలన్నిటినీ ఒకే పేరుతో పిలిచేవారని అందులో రాశాడు. పాత మిషనరీ ఉత్తరాల్లో దొర అంటే ప్రభువు అని ఆయనకి దొరికిందట. కాబట్టి 'ఏమో దొర' ఆ మొక్కలకి రాజు.

చీటీ పీకించుకున్న రోజు ఆంటీ ఏడవలేదు. చెత్తబుట్టలోంచి ఉండ తీసి విప్పి, చీర సంచి కింద పెట్టి సాపు చేసింది. మర్నాటి నుంచి మళ్లీ కూనిరాగమే. కాని ఏటా జనవరిలో ఆయన గదికి వెళ్లి ఆ చీటీ అంటించనివ్వమని అడిగేది. అంటించేవాళ్లకి ఆ హక్కు లేదని ఆయన ఏటా చెప్పేవాడు.

"ఎందుకు ఆంటీ వాణ్ణి బతిమాలడం? ఉత్తరం రాసి పేపర్లో వేయిద్దాం" అన్నాను.

"నీకు ఆయన పరువు పోవడం కావాలి. నాకు అట్ట మీద చోటు కావాలి" అంది. "ఎప్పుడో ఒక తెలుగు పిల్ల ఈ బీరువా తెరుస్తుంది. ఇన్నేళ్లలో ఇక్కడ ఒక్క తెలుగు మనిషి కూడా దీన్ని చూడలేదా అనుకోదూ? చూశానని దానికి తెలియాలి."

1984 మే నెలలో, థార్న్‌డైక్ చనిపోయి వందేళ్లయిందని మ్యూజియం ప్రదర్శన పెట్టింది. పదకొండు అట్టలూ గాజు పెట్టెల్లో వరసగా పెట్టారు. గోడ మీద ఆయన ఫొటో. ఆదివారం ఆరాధన అయ్యాక ఆంటీ పులిహోర కట్టి, తెలుగు చర్చివాళ్లని రెండు వ్యాన్లలో తీసుకొచ్చింది. గోదావరి మనుషులు వచ్చారని ప్రెంటిస్ పొంగిపోయి, తనే దగ్గరుండి అన్నీ చూపించాడు. ముందు నిలబడ్డాయన దైవాశీర్వాదం గారు, మందుల కంపెనీలో కెమిస్టు, సూటు వేసుకుని వచ్చారు.

"మీ భాషలో దీన్ని ఏమంటారు?" అని ప్రెంటిస్ అడిగాడు.

దైవాశీర్వాదం గారు వంగి ఆ గోధుమ రంగు ఆకుల్ని చూసి, భార్య వైపు తిరిగారు. "ఏమో. ఏంటే ఇది?"

"ఏమో, నాకేం తెలుసు. నేను పుట్టింది గుంటూరు టౌన్‌లో" అందావిడ.

ప్రెంటిస్ మొహం వెలిగిపోయింది. జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాడు. తర్వాతి పెట్టె దగ్గరికి నడిపించాడు.

"మరి ఇది?"

"ఏమో" అన్నారు దైవాశీర్వాదం గారు, ఈసారి కొంచెం సిగ్గుపడుతూ.

ప్రెంటిస్ మళ్లీ రాసుకున్నాడు. వెనక నిలబడ్డ తెలుగువాళ్లలో చిన్న కదలిక మొదలైంది. ఎవరో చీటీ చదివారు. ఇంకెవరో పక్కవాళ్లని మోచేత్తో పొడిచారు.

ఆంటీ ముందుకు వచ్చింది. "డాక్టర్ గారూ, ఆ గోడ మీద ఫొటోలో ఉన్నదెవరో ఆయన్ని అడగండి" అంది ఇంగ్లీషులో.

ప్రెంటిస్ అడిగాడు. దైవాశీర్వాదం గారు కళ్లజోడు సర్దుకుని ఫొటో చూశారు.

"ఏమో."

హాలంతా పగలబడి నవ్వింది. వ్యాన్ డ్రైవర్ జగదీష్ నేల మీద కూర్చుండిపోయాడు. దైవాశీర్వాదం గారికి ఏం జరుగుతోందో అర్థంకాక "ఏంటి, ఎందుకు నవ్వుతున్నారు? చెప్పి నవ్వండయ్యా" అంటుంటే ఇంకా నవ్వారు. ప్రెంటిస్ ఫొటో చూశాడు, తన పుస్తకం చూశాడు, పెట్టెలో చీటీ చూశాడు. మెడ దగ్గర మొదలైన ఎరుపు నెత్తిదాకా పాకింది. నేను ఐదేళ్లు ఎదురు చూసిన క్షణం అది. వాడు అరుస్తాడని, పారిపోతాడని అనుకున్నాను. వాడు బల్ల మీద కూలబడి, "ఇరవై పేజీలు" అన్నాడు. "ఇరవై పేజీలు రాశాను కరుణమ్మా." ఆ తర్వాత అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు. నాకు కొంచెం నిరాశగానే అనిపించింది.

ఇదంతా ముందే పథకం వేశావా అని తర్వాత అడిగాను. "పులిహోర ఒక్కటే ప్లాన్ చేశాను" అంది.

సోమవారం ప్రెంటిస్ నేలమాళిగలోకి దిగివచ్చి, గాజు పెట్టెల తాళాలు ఆమె బల్ల మీద పెట్టాడు. క్షమించమని అనలేదు. పదకొండింటికీ ఆమెనే చీటీలు రాయమన్నాడు. ఆంటీ తన చేతిసంచిలోంచి నలిగిన పాత చీటీ తీసింది. కొత్తది రాయండి అని ఆయన అన్నా వినలేదు. 1979 తేదీతోనే దాన్ని అంటించి, మీద చీర సంచి పెట్టింది. మిగతా పదీ రాయడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఆమెకి పండగే.

1987లో ఉషాకి ఉద్యోగం మారి వాళ్లు దేశానికి అవతలి కొసన ఉన్న బాతెల్ వెళ్లిపోతుంటే పెట్టెలు సర్దడానికి వెళ్లాను. అదే ఆఖరుసారి చూడడం. వంటింట్లో గిన్నెలకి కాగితం చుడుతూ, తన చీటీల్లో ఒకటి తప్పని చెప్పింది. ఎనిమిదో అట్ట మీద కొడిశపాల అని రాసిందట. మొన్న ఆ అట్టకున్న చిన్న కవరు విప్పితే కాయలు కనబడ్డాయట. కొడిశపాల కాయలు విడివిడిగా వేలాడతాయి, ఇవి జంటగా కొసల దగ్గర అతుక్కుని ఉన్నాయి. అంటే అది అంకుడు.

"ఎవరికీ చెప్పకు ఆంటీ. ఇప్పుడు వాళ్లకి దొరికిపోవడం ఎందుకు?" అన్నాను.

"నిన్ననే ప్రెంటిస్‌కి ఫోన్ చేసి చెప్పేశాను" అంది. "దాని పైన అంకుడు అని రాసి అంటించుకోమన్నాను. నాది మాత్రం పీకొద్దన్నాను. తప్పో ఒప్పో, నా చీటీ అక్కడే ఉండాలి."