పెన్‌డ్రైవ్‌లో ఇద్దరి ఫోటోలు

మొన్న ఫోన్ నిండిపోయిందంటే మా అమ్మాయి నా ఫోటోలన్నీ ఎక్కడో ఇంటర్నెట్‌లో దాచేసి, "ఇంక పోవులేమ్మా" అంది. అప్పుడు గుర్తొచ్చింది నా మొదటి పెన్‌డ్రైవ్. ఆ రోజుల్లో రామచంద్రపురంలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేదాన్ని. ఒక్క మంచి ఫోటో కూడా పట్టని ఫ్లాపీలని ఎండ తగలకుండా, దుమ్ము పడకుండా చంటిపిల్లల్లా సాకేవాళ్లం. అలాంటి చోటికి, మా ఆయన హైదరాబాదు నుంచి తెచ్చిన ఆ చిటికెనవేలంత వస్తువుని మెళ్లో వేసుకుని వెళ్తే అందరూ చుట్టూ మూగారు. అదొక గర్వం నాకు. సినిమాలో ఎవరికి ఏ వేషం నప్పుతుందో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదన్నది ఇంకో గర్వం. కొడుకుకంటే కుర్రాడిలా ఉన్నాయన తండ్రి వేషం వేస్తే హాల్లోనే గొణిగేదాన్ని. పక్కనున్న మా తోటికోడలు, మా మరిది భార్య, "ఊరుకోండక్కా, చూడనివ్వండి" అని బతిమాలేది.

ఆ ఏడు ద్రాక్షారామంలో సినిమా తీస్తూ, హీరోయిన్ పిన్ని వేషానికి ఇక్కడి మనిషే కావాలన్నారు. ఊళ్లో తీసిన ఆడవాళ్ల ఫోటోలు డైరెక్టరుకి చేర్చాలని అసిస్టెంటు కుర్రాడు మా సెంటర్‌కి వచ్చాడు. ఫ్లాపీల్లో పట్టలేదు. నా పెన్‌డ్రైవ్ ఇస్తూ, అతన్ని అడిగి, పట్టుచీరలో స్టూడియోలో తీయించుకున్న నా ఫోటో కూడా ఎక్కించాను. నాదొక్కటే అయితే బాగోదని, పెరట్లో చేట పట్టుకుని నిలబడ్డ తోటికోడలిదీ వేశాను.

రెండు రోజులకి అతను నవ్వుతూ వచ్చాడు. "ఆ చేటావిడ డైరెక్టరుగారికి తెగ నచ్చేశారండీ!"

"మరి పట్టుచీరావిడ?" అన్నాను, ఎవరి గురించో అడిగినట్టు.

"మీరు టీచరుగారిలా ఉన్నారన్నారండీ. ఇందులో టీచరు వేషం లేదండీ."

షూటింగుకి తోటికోడలికి తోడుగా వెళ్లాను. తనకి గొడుగు పట్టారు, నన్ను పక్కకి జరగమన్నారు. "అమ్మాయి ఇంట్లో లేదండీ" అన్న తన ఒకే ఒక్క డైలాగునీ, రోజూ పాలవాడితో మాట్లాడినట్టే చెప్పేసింది. ఒక్కసారికే ఓకే అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. వారం రోజులు తను ఏ కూర వండినా ఉప్పు ఎక్కువైందనే అన్నాను.

సినిమా వచ్చాక అందరం వెళ్లాం. తప్పు పట్టడానికి కళ్లు పెద్దవి చేసుకుని చూశాను. ఏమీ దొరకలేదు. అచ్చం పిన్నే. తిరిగొస్తుంటే రిక్షాలో నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఆ కంప్యూటర్ నాకూ నేర్పుతారా? పొద్దున్నే మీరు బ్యాగు తగిలించుకుని వెళ్తుంటే వంటింట్లోంచి చూసి ఎంత కుళ్లుకునేదాన్నో!"

తను ఎంత తేలిగ్గా అనేసిందో. నా కుళ్లు మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "రేపటి నుంచి రా" అన్నాను. వచ్చింది. నెల తిరక్కుండా నాకంటే వేగంగా టైపు కొట్టడం నేర్చుకుంది. దానికీ అసూయపడ్డాను.

ఇప్పుడు తను కాకినాడలో, నేనిక్కడ. కాలం ఆ మంటని చల్లార్చింది, మంచిదే. కానీ ఒకరి మీద ఒకరం కుళ్లుకునేంత దగ్గరగా మసలిన ఆ వయసుని కూడా దాంతోపాటే పట్టుకుపోయింది.