దేనిమీద?

నర్సింగానికి ఉన్న జబ్బు ఒక్కటే. ఎవరు ఏ డిజైను అడిగినా "దేనిమీద?" అని అడగనిదే కంప్యూటరు ముట్టడు.

సూరత్‌లో మన మగ్గాల వాళ్ళుండే పేటలో, శ్యాంసుందర్ సేఠ్ డిజైన్ల దుకాణంలో ఆయన పెద్ద డిజైనరు. ఒకాయన పెళ్ళికార్డు చేయమని వచ్చాడు.

"దేనిమీద?"

"కార్డుమీదనే గదనే!"

"గరుకు కార్డా, నున్నటి కార్డా?"

ఆయన టేబులు సొరుగులో చీరముక్క, ఫ్లెక్స్ ముక్క, గుడ్డసంచి, స్టీలు గ్లాసు ఉంటాయి. వచ్చినవాడు కావలసిన దానిమీద చెయ్యి పెట్టాలి. అప్పుడు తీర్పు వస్తుంది: "ఫ్లెక్స్ అయితే కోరల్‌డ్రా. ఎంత సాగదీసినా అంచు చెదరది, అక్షరం ఒత్తు ఊడది. చీరమీద పూలైతే ఫొటోషాప్. రంగుల రంగు కలవాలె. ఫోన్ స్టేటస్ అయితే నీ ఫోన్ల నువ్వే చేస్కో, నా పానం తియ్యకు."

ఇంట్లో భార్య "అన్నం పెట్టాల్నా?" అంటే కూడా "దేనిమీద?" అని అడిగి ఒక పూట పస్తున్నాడని పేటలో చెప్పుకుంటారు.

ఈ మనిషి పక్క కుర్చీలో పడింది ప్రసన్న. నది అవతలి అమ్రోలి నుంచి వస్తుంది, ఉద్యోగంలో చేరి మూడు వారాలు. చేరేనాడు సేఠ్ ఒక్కటే అడిగాడు: "మన గిరాకీ అంతా తెలుగోళ్ళే. తెలుగు చదవొస్తదా?" ప్రసన్న గుజరాతీ బడిలో చదివింది. తెలుగు మాట్లాడటం తప్ప అక్షరం ముక్క రాదు. అయినా ఉద్యోగం మీద ఆశ కొద్దీ "వస్తది" అనేసింది.

ఆ రోజు మధ్యాహ్నం రెండున్నర. బోనాలకు ఆడవాళ్ళంతా కట్టుకునే నలభై చీరలు. కొంగుమీద బంతిపూలు, పూల నడుమ "పోశమ్మ తల్లికి బోనం" అన్న అక్షరాలు. మూడింటిలోగా ఫైలు ఊరి బయట సచిన్ అనే చోట ఉన్న ప్రింటింగ్ మిల్లుకు చేరకపోతే మిషను వేరేవాళ్ళకు పోతుంది. మళ్ళీ వారందాకా దొరకదు. బోనాలేమో ఆదివారం. ప్రసన్న సొంతంగా చేసిన మొదటి పని ఇదే.

చీరలు పురమాయించిన కొమురవ్వ స్వయంగా వచ్చి కూర్చుంది. "ఏది బిడ్డా, తల్లి పేరు ఎట్లొచ్చిందో జర సూడనీ."

ప్రసన్న తెర అటు తిప్పబోయింది. నర్సింగం ఒక్కసారి తెరవంక చూశాడు. చటుక్కున లేచి కొమురవ్వకూ తెరకూ మధ్య గోడలా నిలబడ్డాడు.

"దేనిమీద?"

"ఏంది దేనిమీద? చీరలమీద!"

"చీరల ఏడ? కొంగుమీదనా, అంచుమీదనా?"

"కొంగుమీద అని నెల సంది మొత్తుకుంటున్న!"

లోపలి గదిలోంచి సేఠ్ అరిచాడు. "నర్సన్నా, టైమెంతైంది?"

"గోడమీద ఉంది, సూడు!"

ప్రసన్నకు ఒళ్ళు మండిపోయింది. ఇరవై నిమిషాలే ఉన్నాయి. ఈ పిచ్చి మనిషి తన ఉద్యోగం ఊడగొట్టేదాకా నిద్రపోడా? అంతలో ఆయన కొమురవ్వవైపు తిరిగే ఉండి, వెనక్కి చెయ్యి చాపి సొరుగులోంచి గుడ్డసంచి తీసి ప్రసన్న కీబోర్డు మీద పడేశాడు. "దీనిమీద చెయ్యి పెట్టు."

విసుగ్గా పెట్టింది. అది నిరుటి బోనాల సంచి. దానిమీదా అవే అక్షరాలు. వేలు ఒకచోట ఆగిపోయింది. సంచిమీద ఒక అక్షరం కింద చిన్న తోక వేలాడుతోంది. తెరమీద ఆ తోక ఊడి పక్కన నిలబడింది. ఇంకోచోటా అంతే. తాను ఫోన్లో వచ్చిన ఆ మాటలను తెచ్చి, పూలు వేసిన ఫొటోషాప్‌లోనే అతికించింది. చదవడం వస్తేగా ఒత్తులు జారిపోయాయని తెలిసేది!

ప్రసన్న గబగబా కోరల్‌డ్రా తెరిచి అక్షరాలు అక్కడ పెట్టింది. ఒత్తులు బుద్ధిగా తమ చోట్లలో కూర్చున్నాయి. ఇక కదలకుండా వాటిని బొమ్మగా మార్చి, ఒక్కొక్కటే సంచితో పోల్చుకుంటూ పూలమధ్యకు తెచ్చింది.

"అవ్వా, బోనం దేనిమీద పెట్టుకుంటరు?" వెనకనుంచి నర్సింగం గొంతు.

"నెత్తిమీద! ఇంకొక్కసారి అడిగితే నీ నెత్తిమీద పెడ్త, నిప్పులతోని!"

రెండూ యాభై ఆరు. "అయిపోయింది కాకా," అంది ప్రసన్న. నర్సింగం పక్కకు తప్పుకున్నాడు. కొమురవ్వ కళ్ళద్దాలు సర్దుకుని కూడబలుక్కుంటూ చదివింది. "పోశమ్మ... తల్లికి... బోనం. సక్కగొచ్చింది బిడ్డా! ఈ పిచ్చోడు అడ్డం పడకుంటే ఎప్పుడో అయిపోతుండె."

ఫైలు వెళ్ళిపోయింది. సేఠ్ బయటికొచ్చి నర్సింగాన్ని పది నిమిషాలు ఉతికి ఆరేశాడు. ఆయన తల గోక్కుంటూ నవ్వాడు. పోయిన వారం సేఠ్ ఫ్లెక్స్ కొలతలు తప్పు రాసుకొచ్చినప్పుడు కూడా ఈయన ఇలాగే గిరాకీని అరగంట సతాయించాడని ప్రసన్నకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ అరగంటలోనే సేఠ్ కొలతలు దిద్దుకున్నాడు. తిట్లు మాత్రం ఈయనే తిన్నాడు.

అందరూ వెళ్ళాక మెల్లగా అడిగింది. "కాకా, నాకు తెలుగు రాదని నీకు ఎప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే. హాజరుపట్టీల పేరు గుజరాతీల రాసినవ్ గద."

"మరి సేఠ్‌కు ఎందుకు చెప్పలే?"

ఆయన ఆ మాట విననట్టే సొరుగు మూశాడు. "నేర్సుకుంటవా?"

"నేర్పిస్తే నేర్చుకుంట."

"దేనిమీద? పలకమీదనా, నోటుబుక్కుమీదనా?"

ప్రసన్నకు నవ్వాగలేదు. గుడ్డసంచి ఆయన ముందుకు జరిపి, మొదటి అక్షరం మీద వేలు పెట్టింది.

"దీనిమీద."