పచ్చి బొప్పాయి ముక్క

మొన్న ఆబిడ్స్‌లో బండి మీద పచ్చి బొప్పాయి కోస్తుంటే పాలు కారాయి. నాంపల్లిలో మేము కిరాయికున్న ఇల్లు గుర్తొచ్చింది.

ఆ ఇంట్లో మాంసం వండొద్దన్నది ఓనరమ్మ షరతు. ఒకనాడు మామయ్య ఊరి నుంచి అడవి పంది మాంసం తెచ్చాడు. అమ్మ కిటికీలు మూసి, వాసన తెలియకుండా సాంబ్రాణి పొగ వేసి వండింది. రెండు గంటలైనా ముక్క రబ్బరులా సాగుతూనే ఉంది.

తలుపు చప్పుడైంది. ఓనరమ్మ! ఇక మా సామాను రోడ్డు మీదేనని నేను బడిసంచీ భుజాన వేసుకున్నాను.

ఆమె గిన్నె మూత ఎత్తి చూసింది.

"అడవి పందా? గిట్లయితే పొద్దుగూకినా ఉడకది. పచ్చి బొప్పాయి ముక్క దంచి ఎయ్యి. మా అమ్మ గట్లనే చేస్తుండె."

"మీకు జర పెట్టనా అక్కా?" అమ్మ పళ్లెం అందుకుంది.

"వద్దు. లగ్గమైనప్పటి సంది ముట్టలే. ముందుగాల గా సాంబ్రాణి బయట పెట్టు."

దేవుడి సాంబ్రాణికి మాంసం సోకిందని కోపమొచ్చిందనుకున్నాను. సంచీ దించలేదు. కూర ఉడికేదాకా ఆమె గడపలోనే నిలబడి గట్టిగా ఊపిరి పీలుస్తూ ఉంది.

ఆమెకు ఆ పొగ ఎందుకు అడ్డమైందో ఇన్నేళ్లకు తెలిసింది.