యాదమ్మ ఫోన్‌కు వచ్చిన నా ఓటీపీ

మా జనగామ నుంచి సికింద్రాబాద్‌కు చీరల కోసం వెళ్లాను, లైనింగు గుడ్డ కోసం వెళ్లాను, పంటి డాక్టరు కోసం వెళ్లాను. ఆరంకెల నంబర్ ఒకటి తెచ్చుకోవడానికి వెళ్లడం మాత్రం ఇదే మొదటిసారి. కూర్చున్నచోట పది సెకన్లలో రావలసిన నంబర్ అది. దాని కోసం రైలు, బస్సు, ఆటో అన్నీ ఎక్కాను. నాలాంటి చిన్న దుకాణం వాళ్లెవరైనా ఇదే పని మీద బయల్దేరవలసి వస్తే పనికొస్తుందని రాస్తున్నాను. ఆ అవసరమే రాకుండా చూసుకుంటే మరీ మంచిది.

నాది జాకెట్లు కుట్టే దుకాణం. మా అత్తమ్మ రాజవ్వ మొదలుపెట్టింది, ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఆమె కాలంలో ఒంటికి సరిగ్గా కూర్చున్న పాత జాకెట్టును ఆదిగా తెచ్చి ఇచ్చేవారు, దాన్ని పరిచి కొత్తవి కోసేది. ఆది లేకపోతే టేపు పెట్టి కొలిచి నోటు పుస్తకంలో రాసుకునేది. రెండేళ్ల కింద దసరాకు నేను కంప్యూటర్ కొన్నాను. సికింద్రాబాద్‌లో ఈ పనులు చేసే ఫణి గారు వచ్చి దర్జీల కోసం తయారుచేసిన సాఫ్ట్‌వేర్ పెట్టారు.

ఆ రోజు మిషన్లకూ కత్తెరలకూ బొట్లు పెట్టి, కంప్యూటర్‌కు కూడా పెట్టి, ముహూర్తం దాటకముందే మొదటి పేరు ఎక్కించాలని అత్తమ్మ గడియారం పక్కనే నిలబడింది. సరిగ్గా అప్పుడే సాఫ్ట్‌వేర్ ఫోన్ నంబర్ అడిగింది. నా ఫోన్ ఇంట్లో ఛార్జింగులో ఉంది. "నా నంబర్ కొట్టేస్తానండి, మీకెందుకు తలనొప్పి" అన్నారు ఫణి గారు. నేను దాన్ని మర్యాద అనుకున్నాను. ముహూర్తం దాటలేదు, కొబ్బరికాయ కొట్టాం. ఆ తర్వాత నంబర్ మార్చుకోవాలన్న మాటే నాకు గుర్తుకు రాలేదు.

నెల తిరక్కుండా పుస్తకాల్లోని కొలతలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, పుస్తకాలను పాత కాగితాల బండికి వేశాను. అత్తమ్మ వద్దంది. "అన్నీ ఇంటర్నెట్ల భద్రంగ ఉంటయి అత్తమ్మా" అని ఆమెకే పాఠం చెప్పాను. ఎవరైనా ఆది తెస్తే "అక్కర్లేదు, కంప్యూటర్ల ఉంది" అని తిప్పి పంపాను. ఆ గొప్పకు ఫలితం పోయిన ఆదివారం అనుభవించాను. కంప్యూటర్ చచ్చిపోయింది. కొత్తది తెచ్చి తెరిస్తే సాఫ్ట్‌వేర్, నంబర్‌కు ఓటీపీ పంపాం, పది నిమిషాల్లో కొట్టండి అంది. పంపింది ఫణి గారి నంబర్‌కు. ఫోన్ చేస్తే ఎవరో ఆడమనిషి ఎత్తింది. ఓటీపీ అన్నానో లేదో తిట్టి పెట్టేసింది. ఆయన భార్య కాబోలు, ఇంత కోపమేమిటి అనుకున్నాను.

మా వీధి టీచరమ్మ కూతురు శిరీష పెళ్లి ఈ ఆదివారమే. బెంగళూరులో ఉద్యోగం, పెళ్లికి ముందు రోజు గాని రాదు. పదకొండు జాకెట్లు, అన్నీ పట్టుచీరల్లోంచి కోసిన ముక్కలు. ఒక్కటి పాడైతే మళ్లీ అదే రంగు, అదే అంచు ఎక్కడా దొరకదు. ఆ పిల్ల ఆది తెస్తే తిప్పి పంపింది కూడా నేనే, ఇప్పుడది ఎక్కడుందో వాళ్లకే తెలియదు. ఫోన్‌లో అడిగితే స్నేహితురాలితో కొలిపించి చెప్పింది, మూడుసార్లు చెబితే మూడు రకాలుగా వచ్చింది. బుధవారం పొద్దున కత్తెర పెట్టకపోతే జాకెట్లు అందవు. అందుకే మంగళవారం బయల్దేరాను.

పొద్దున 6.50కి ప్యాసింజర్. టికెట్ ముప్పై అయిదు. భువనగిరి దాకా నిలబడి, ఆ తర్వాత కూర్చున్నాను. పక్కన కిరాణా దుకాణం ఆయన ఒకరు సరుకుకు వెళ్తున్నాడు. నా సంగతి విని, "నాకు గిట్లాంటి తక్లీఫ్ లేదమ్మా, అన్నీ మా అల్లుని నంబర్ మీదనే ఉంటయి" అన్నాడు ధీమాగా. అల్లుడు ఎక్కడుంటాడని అడిగితే కాసేపు ఆలోచించి ఫోన్ బయటికి తీశాడు. ఘట్‌కేసర్ వచ్చేదాకా ఆయన అల్లుడికి ఫోన్ చేస్తూనే ఉన్నాడు, అల్లుడు ఎత్తలేదు.

8.45కు సికింద్రాబాద్. స్టేషన్ బయట రెండు ఇడ్లీ, చాయ్ కానిచ్చి, ఫణి గారి రసీదు మీదున్న రాంగోపాల్‌పేట్ చిరునామాకు నడిచాను. అక్కడ ఆయన ఆఫీసు లేదు. ఆ గదిలో ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. పక్క జిరాక్స్ దుకాణం ఆయన నన్ను చూడగానే, "ఫణి కోసమా? ఖాళీ చేసి ఎనిమిది నెలలాయె. సైనిక్‌పురిల పెట్టిండు. మీలెక్కనే వారానికి ఇద్దరు ముగ్గురు వస్తున్రు, పరేషాన్ అయితున్న చెప్పలేక" అన్నాడు. కొత్త చిరునామా ఉన్న కాగితాలు ఒక కట్ట జిరాక్స్ తీసి పెట్టుకున్నాడు. ఒకటిచ్చి రెండు రూపాయలు తీసుకున్నాడు.

స్టేషన్ దగ్గరికి తిరిగొచ్చి బస్సెక్కాను. ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్. ఆ రోజంతా నేనెవరో ఒక్కసారి చెబితే నమ్మిన మనిషి ఆ కండక్టరమ్మే. 10.50కి సైనిక్‌పురిలో దిగి, రెండో అంతస్తులో ఫణి గారి ఆఫీసు పట్టుకున్నాను. లోపల ఒక పదిమంది వ్యాపారులకు ఆయన క్లాసు చెబుతున్నారు. గోడ మీద పెద్ద అక్షరాలతో 'మీ ఓటీపీ ఎవరికీ చెప్పకండి' అని ఉంది. అది చదువుతూ నలభై నిమిషాలు కూర్చున్నాను. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆ సిమ్మా? అది వదిలేశానండి. రీఛార్జి రేట్లు పెంచేశారు కదా, రెండు నంబర్లు దండగనిపించింది" అన్నారు క్లాసు అయ్యాక, చాలా శాంతంగా.

"మరి మా ఓటీపీలు?"

"అవి దానికే వెళ్తాయండి. ఇప్పుడా నంబర్ ఇంకెవరికో ఇచ్చుంటారు."

"ఇట్ల ఎన్ని దుకాణాలకు మీ నంబర్ పెట్టిన్రు?"

"లెక్కెట్టలేదండి. ఓ పాతిక ఉంటాయేమో. కంపెనీకి మెయిల్ పెట్టండి, వారం పది రోజుల్లో మార్చేస్తారు."

ఆదివారం పెళ్లి అని చెప్పాను. అయ్యో అన్నారు. తన ఫోన్ నుంచి ఆ నంబర్‌కు చేస్తే పోలేదు, ఫోన్‌లో నన్ను తిట్టిన ఆమె ఆయన్ని ఎప్పుడో బ్లాక్ చేసేసింది. నాకు కాఫీ తెప్పించారు. ఆ మనిషి చెడ్డవాడు కాదు, అదే నా కోపాన్ని ఇంకా పెంచింది. చెడ్డవాడైతే నాలుగు తిట్టి బయటికి వచ్చేదాన్ని.

మెట్లు దిగి నా ఫోన్ నుంచే మళ్లీ చేశాను. ఈసారి ఓటీపీ మాట ఎత్తలేదు. "అక్కా, నేను జనగామ నుంచి వచ్చిన. ఫోన్‌ల కాదు, ఎదురుంగ వచ్చి మాట్లాడుత. యాడున్నరు?" అన్నాను.

"రా. బోయిన్‌పల్లి మార్కెట్ల టమాట షెడ్డు కాడ యాదమ్మ అని అడుగు. ధైర్యముంటే పోలీసోళ్లను సుత తోల్కరా" అని పెట్టేసింది.

సైనిక్‌పురి నుంచి బోయిన్‌పల్లికి నేరుగా బస్సు దొరకలేదు. ఆటోకు రెండు వందల యాభై. మార్కెట్ చేరేసరికి ఒంటిగంటన్నర. పెద్ద వేలాలు అయిపోయి, షెడ్డులో ఆడవాళ్లు మెత్తబడ్డ టమాటలు వేరుచేస్తున్నారు. ఒక ఆటో డ్రైవరు చూపించాడు యాదమ్మను. నా వయసుదే, లేదా రెండు మూడేళ్లు పెద్దది. డబ్బా పక్కకు నెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వేనా ఓటీపీ? ఈ సిమ్ము తీసుకున్న కాడికెల్లి నిద్ర లేదు నాకు. ఒకడు మెడికల్ షాపంటడు, ఒకామె బ్యూటీ పార్లరంటది. మా మరదలు గిట్లనే నంబరు చెప్పి బ్యాంకుల ఉన్నదంత పోగొట్టుకున్నది. నేను చెప్ప."

దుకాణం కార్డు తీసి ఇచ్చాను. "కార్డు ఎవలన్న అచ్చేయిస్తరు" అంది. ఆధార్ చూపించాను. "పేరు స్వరూప. ఊరు జనగామ. దర్జీదానివని ఎక్కడున్నది ఇందుల?" అని తిరిగిచ్చింది. ఆమె అన్నదాంట్లో ఒక్క తప్పు లేదు. ఫణి గారి గోడ మీదున్నదే ఆమె చేస్తోంది. శిరీష పెళ్లి గురించి, పదకొండు జాకెట్ల గురించి చెప్పాను. చెబుతూ ఏడ్చేశాను. పొద్దుటి నుంచి ఆపుకున్న ఏడుపు అది. చుట్టూ టమాటలు ఏరుతున్న ఆడవాళ్లు చేతులు ఆపి వింటున్నారు.

యాదమ్మ నా మీంచి కళ్లు తిప్పలేదు. "సరే. దర్జీదానివైతే నా జాకెట్ కొలత చెప్పు. టేపు పెట్టద్దు" అంది.

ఒకసారి చుట్టూ తిరిగి చూశాను. "చాతి ముప్పై ఆరు. పొడవు పదునాలుగు. చెయ్యి చుట్టు పదకొండు, అది మాత్రం బిగుసుకున్నది. మీ కుడి భుజం ఎడమదాని కన్న అర అంగుళం కిందికి ఉన్నది, డబ్బాలు అటే మోస్తరు కాబట్టి. కుట్టినామె రెండు భుజాలు ఒక్కతీరుగ కోసింది. అందుకే మెడ అటు జారుతది. లోపల పిన్ను పెట్టుకున్నరు."

ఆమె చెయ్యి దానంతటదే కుడి భుజం మీదికి పోయింది. పక్కనున్న ముసలామె నవ్వింది. యాదమ్మ నవ్వలేదు. బొడ్లోంచి ఫోన్ తీసి, "ఇగ పంపుమను" అంది.

సాఫ్ట్‌వేర్‌ను నా ఫోన్‌లోనే తెరిచి ఓటీపీ పంపమని నొక్కాను, కాని షెడ్డు రేకుల కింద సిగ్నల్ సరిగ్గా లేదు. మొదటి ఓటీపీ వచ్చేసరికి దాని పది నిమిషాలూ అయిపోయాయి. తల ప్రాణం తోకకొచ్చింది. ఇద్దరం గేటు దాకా నడిచి, ఉల్లిగడ్డల లారీ పక్కన నిలబడి మళ్లీ ప్రయత్నించాం. ఈసారి వచ్చింది. ఆమె ఒక్కో అంకె చదువుతుంటే నేను నా ఫోన్‌లో కొట్టాను. తెరుచుకుంది. శిరీష పేరు వెతికాను. భుజం, చాతి, నడుము, చెయ్యి, అన్నీ ఉన్నాయి. నమ్మకం చాలక వాటిని ఆధార్ జిరాక్స్ వెనక పెన్నుతో రాసుకున్నాను. ఆ వెంటనే యాదమ్మ నంబర్ తీసేసి నాది పెట్టాను. రెండు నిమిషాలు పట్టలేదు. రెండేళ్లుగా నేను చెయ్యని పని అదే.

"మిగిలినోళ్లు సుత వస్తరా గిట్ల?" అంది యాదమ్మ. ఫణి గారికి మెసేజ్ పెట్టాను, ఆ పాతిక దుకాణాలకూ మీరే ఫోన్ చేసి నంబర్లు మార్పించండి, లేకపోతే యాదమ్మ మీ ఆఫీసుకు వస్తుందని. తర్వాత సంచిలోంచి టేపు తీసి ఆమెకు కొలత తీశాను. చాతి నేను చెప్పినదానికి పావు అంగుళం ఎక్కువ వచ్చింది, ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. జాకెట్టు కుట్టి కొరియర్ చేస్తానంటే, "భుజం యాది పెట్టుకో" అంది.

మార్కెట్ బయట పూరీ తిని, బస్సులో సికింద్రాబాద్ వచ్చి, స్టేషన్ ఎదురు దుకాణంలో రెండు వందల పేజీల నోటు పుస్తకం కొన్నాను. 4.40 రైలు. కిటికీ పక్క సీటు దొరికింది. ఫోన్‌లో చూస్తూ కొలతలు పుస్తకంలోకి ఎక్కించడం మొదలుపెట్టాను. శిరీషది మొదటి పేజీ, యాదమ్మది రెండోది. ఎదురు సీటు ఆవిడ, "ఫోన్‌ల ఉన్నయి గద, మళ్ల రాసుడెందుకమ్మా" అని అడిగింది. జవాబు చెప్పాలంటే జనగామ దాకా సరిపోదని ఊరుకున్నాను.

బీబీనగర్ దాటుతుండగా సాఫ్ట్‌వేర్ మళ్లీ అడ్డుపడింది. మీ ఫోన్ పోతే ఎలా, ఇంకో నంబర్ కూడా ఇవ్వండి అని అడిగింది. మా ఆయన ఏడాదికో సిమ్ మారుస్తాడు. నంబర్ మార్చని మనిషి, ఎక్కడికీ పోని మనిషి ఎవరా అని ఆలోచించి అత్తమ్మ నంబర్ ఇచ్చాను. వెంటనే ఆమెకు ఫోన్ చేశాను.

"అత్తమ్మా, మీ ఫోన్‌కు ఆరంకెల నంబర్ వచ్చిందా?"

"వచ్చింది."

"జెర చెప్పుండ్రి."

"ఎవ్వలకు చెప్పద్దని దాని కిందనే రాసున్నది."

"నేను స్వరూపను అత్తమ్మా."

"గొంతు గట్లనే ఉన్నది. గని ఇప్పుడు గొంతులు సుత తయారుచేస్తున్రట, టీవీల చెప్పిన్రు. ఇంటికి రా, చూపిస్త" అని పెట్టేసింది.

మళ్లీ చేస్తే ఎత్తలేదు. పది నిమిషాలు గడిచి ఆ ఓటీపీ కూడా పనికిరాకుండా పోయింది. నాకు కోపం రావాలి, రాలేదు. ఇంటికెళ్లి, ఆమె పక్కన కూర్చుని, కొత్తది తెప్పించుకోవచ్చు. పుస్తకాలు అమ్మొద్దని ఆ రోజు చెప్పింది కూడా ఈవిడే. పెన్ను తీసుకుని మూడో పేజీ మొదలుపెట్టాను.