సంగమ్మత్త విలాయత్ ఎందుకు పోలేదు

ఇంతవరకు బయట ఎవరికీ చెప్పని మాట ఒకటి ముందుగా రాస్తాను. మా మేనత్త సంగమ్మ తుంటి ఆపరేషన్ కోసం విలాయత్ వెళ్లడానికి మొదట ఒప్పుకుంది. ఒప్పుకోవడమే కాదు, వెళ్లాలని ఆశపడింది. వేసవి మధ్యాహ్నాల్లో తలుపు దగ్గరగా వేసి నా చేత ఇంగ్లీషు మాటలు చెప్పించుకునేది. నీళ్లు, నొప్పి, మెల్లగా, చాలు. ఈ నాలుగూ వస్తే చాలని ఆమె లెక్క. ఎవరికైనా తెలిస్తే నవ్వుతారని నా దగ్గర మాట తీసుకుంది.

పోయిన నెల హైదరాబాదులో ఒక దవాఖానాలో, తుంటికీలు మార్చిన మర్నాటి ఉదయం ఆమె కన్నుమూసింది. ఆపరేషన్ తరువాత మెలకువ రానేలేదు. కీలు చక్కగా కుదిరిందనీ, గుండె తట్టుకోలేకపోయిందనీ డాక్టరు చెప్పాడు. నేను ఆ మాట విని, ఆమెకోసం తెచ్చిన చీర మడత విప్పి, మళ్లీ మడత పెట్టాను. ఇంకేం చేయాలో తోచలేదు.

ఆనాటి నుంచి జహీరాబాద్‌లోనూ ఊళ్లోనూ ఒకటే మాట వినిపిస్తోంది. విలాయత్ పోయుంటే బతికేది, ఇంగ్లండులో సొంత తమ్ముడు డాక్టరై ఉండి రమ్మంటే పోలేదు అని. విమానానికి భయపడిందని కొందరు, మొండిదని కొందరు. హైదరాబాదు దవాఖానాకు తీసుకువెళ్లింది మా నాయిన. ఈ మాటలు చెవిన పడ్డప్పుడల్లా ఆయన తల వంచుకుని అక్కడినుంచి లేచిపోతున్నాడు. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు. అందుకే ఆమెను ఎరిగినవారి కోసం, ఎరగకుండానే మాట అంటున్నవారి కోసం కూడా, ఇది రాస్తున్నాను.

సంగమ్మత్త చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుంది. మొగుడంపల్లి దగ్గర ఆయన వదిలివెళ్లిన ఎర్రచెల్క భూమిలో అల్లం పండించింది. పిల్లలు లేరు. మొలకెత్తే కన్నులున్న ముక్కలు చూసి విత్తనం అల్లం ఏరే కాలంలో కూలీ ఆడవాళ్ల వరసలో తానూ గొంతుకూర్చుని ఏరేది. ఆసామి గట్టు మీద నిలబడి అజమాయిషీ చేయాలి గానీ ఇదేమిటని మరిది ఒకసారి అడిగాడు. "గట్టు మీద నిలవడ్డోనికి కూలోళ్ల వీపులు కనవడ్తయి, అల్లం కండ్లు కనవడయి" అంది.

తుంటి అరిగి నడక కుంటుపడ్డాక, సరుకు కొనడానికి వచ్చే వ్యాపారి ఒకాయన నవ్వుతూ, ఇక భూమి అమ్ముకొమ్మని సలహా ఇచ్చాడు. "నాకు తుంటిల పోయింది సేటూ. నీకు ఏడ పోయిందో నువ్వు జర చూపిచ్చుకో" అని, ఆయనకే చాయ్ పోసి పంపింది. ఆయన ఈ కథ ఊరంతా చెప్పుకుని నవ్వుకున్నాడు.

ఆమెను మా చుట్టుపక్కల ఊళ్లు ఎరిగింది అల్లం వల్ల కాదు. మా వైపు చావింటికి పరామర్శకు పోయిన ఆడవాళ్లు చనిపోయినవారి సొంతమనిషి పక్కన నేలమీద కూర్చుంటారు. కులం చూడకుండా, పిలుపు లేకుండా, సంగమ్మత్త ప్రతి ఇంటికీ పోయేది. ఒక్క మాటా మాట్లాడేది కాదు. నన్ను మొదటిసారి వెంట తీసుకుపోయిన రోజున దారిలో చెప్పింది: "మనం ముందుగాల మాట్లాడొద్దు బిడ్డా. ఆమె నోరు తెరిచేదాంక కూసోవాలె. గంతే పని." మాటలు రాని నాకు ఆ మర్యాద ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఓదార్పుకు మాటలు అక్కర్లేదని నేను ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు, ఆమె పక్కన కూర్చుని నేర్చుకున్నాను.

తుంటినొప్పిని ఆమె చాలా ఏళ్లు ఓర్చుకుంది. ఆపరేషన్ మాట ఎత్తితే నవ్వేసేది. ఆ మనసు మారింది లచ్చమ్మ ఇంట్లో. లచ్చమ్మ, సంగమ్మత్త పొలంలో పనిచేసే మనిషి. ఆమె భర్త చిరాగ్‌పల్లి దగ్గర రోడ్డు దాటుతూ లారీ కింద పడి చనిపోయాడు. నా భుజం పట్టుకుని అత్త ఆ ఇంటికి పోయింది. గడప లోపల తలుపుచెక్క పట్టుకుని నేలమీద కూర్చోబోయింది. కూర్చోలేకపోయింది. మళ్లీ ప్రయత్నించింది. అది చూసి లచ్చమ్మ ఏడుస్తూనే లేచింది. గోడకు నిలబెట్టిన మంచం ఈడ్చుకొచ్చి వాల్చింది. "కూసో అమ్మా" అంది.

తిరిగి వచ్చేటప్పుడు అత్త ముఖం నేను చూడలేకపోయాను. "మొగడు పోయినదాన్ని లేపి మంచం వేయించుకున్న" అంది. ఆ తరువాతే ఇంగ్లండులో డాక్టరుగా ఉన్న మా చిన్నాయనకు కబురు పంపించింది, ఆపరేషన్ చేయించుకుంటానని.

చిన్నాయన సెలవు పెట్టి వచ్చాడు. అక్క అంటే ఆయనకు ప్రాణం. ఇక్కడ ఈ ఆపరేషన్ ఇప్పుడిప్పుడే మొదలైందనీ, అక్కడ రోజూ చేసేదేననీ, తన ఇంట్లోనే ఉండవచ్చుననీ నచ్చజెప్పాడు. అవన్నీ నిజాలే. అక్కడి పెద్ద డాక్టరు కనుక్కోమన్న సంగతులు కూడా అడిగాడు. మెట్లెక్కగలదా, స్నానాల తొట్టిలోకి దిగగలదా, మేజోళ్లు తనంతట తొడుక్కోగలదా అని. "మేజోళ్లు నా పెండ్లిల గూడ తొడగలే తమ్మీ, పోయేముందుగాల తొడుక్కోవాల్నా" అని అత్త పగలబడి నవ్వింది. నవ్వుతూనే ఒప్పుకుంది. తోడుగా నేను వెళ్లాలన్నారు. మా ఇంగ్లీషు పాఠాలు అప్పుడే మొదలయ్యాయి.

వెంట తీసుకుపోవడానికి కొత్త ఎక్స్‌రే కావాలంటే నాయిన మమ్మల్ని హైదరాబాదు తీసుకువెళ్లాడు. అక్కడి డాక్టరు పెద్దవయసు మనిషి. ఫిల్ము చూసి పక్కన పెట్టి, ఏం పని చేస్తారని అత్తను అడిగాడు. అల్లం అని చెప్పింది. ఎట్ల కూర్చుని ఏరుతారని అడిగాడు. అత్త చేతులతో చూపించబోతే, ఆయన కుర్చీ దిగి తానే నేలమీద గొంతుకూర్చుని, "గిట్లనా అమ్మా?" అన్నాడు.

"గట్లనే."

"ఆపరేషన్ అయినంక ఇగ గిట్ల కూసోరాదు. కాళ్లు మల్సి సక్లముక్లం గూడ వెయ్యరాదు. కూసుంటే కొత్త కీలు జారుతది."

"ఎన్ని రోజులు?"

"బతికినన్ని రోజులు. నేను చేసినా, విలాయత్ల చేసినా."

ఏ నేలమీద కూర్చోవడం కోసం అత్త ఆపరేషన్‌కు ఒప్పుకుందో, ఆ నేల ఇక దక్కదని ఆయన చెప్పాడు. ఆ సంగతి ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. ఆపరేషన్‌లో ప్రాణానికి అపాయం ఉండవచ్చని కూడా ఆయన దాచకుండా చెప్పాడు.

తిరుగు బస్సులో అత్త సదాశివపేట దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తరువాత నావైపు వంగి మెల్లగా అంది: "కూసోకున్న మాయె. నడిచి పోయి, పక్కన నిలవడి, తల మీద చెయ్యన్న పెడ్త. అసలుకే పోకుంటే ఎట్ల?" కిటికీ రెక్క దించి, "ఈ డాక్టర్ తాన్నే చేయించుకుంట. ఏమొస్తదో అందరు చెప్పిన్రు. ఏం పోతదో ఈయనొక్కడు చెప్పిండు" అంది.

సంగతి విని చిన్నాయనకు కోపం వచ్చింది. నిజం చెప్పినంత మాత్రాన డాక్టరు చెయ్యి మంచిదవుతుందా అని అడిగాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అత్త మాత్రం, కింద కూర్చోరాదని నీకు తెలియదా తమ్మీ, నాకెందుకు చెప్పలేదని అడిగింది.

"నాకు ఆ మాట తట్టనే లేదక్కా" అన్నాడు.

అత్త ఆయన చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. "కుర్చీల మీద కూసోవట్టి శానేండ్లాయె గద తమ్మీ" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. కానీ ఆయన కళ్లు తుడుచుకోవడం చూశాను. ఆ తరువాత విలాయత్ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

అక్కడికి పోతే బతికేదా? బతికేదేమో. నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా, ఆమె పోకపోవడం భయంతో కాదు, మొండితనంతోనూ కాదు. తన బతుకు ఎక్కడ గడుస్తుందో అడిగి తెలుసుకున్న మనిషి చేతిలో తన కాలు పెట్టింది. అందుకు మా నాయిన తల వంచుకోవలసిన పని లేదు.

ఆమెను ఊరికి తెచ్చిన రోజు ఎన్ని ఊళ్ల ఆడవాళ్లు వచ్చారో. అందరూ నేలమీద కూర్చున్నారు. ఎవరూ మాట్లాడలేదు. నా పక్కన లచ్చమ్మ కూర్చుంది. పొద్దు వాలేదాకా కదలలేదు. ఇకమీదట ఈ ఊళ్లలో ఏ ఇంట మరణం సంభవించినా గుమ్మంవైపు చూసేవాళ్లు ఉంటారు. అలా వచ్చి కూర్చునే మనిషి మాకు మళ్లీ దొరకదు. ఆమె పాదాలకు నా నమస్కారం.

ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయే ముందు తోపుడుమంచం తలుపు దగ్గర ఒక్క నిమిషం ఆపారు. నాయిన మందుల కోసం కిందికి వెళ్లాడు. నేనొక్కదాన్నే ఉన్నాను. ఏదైనా మంచి మాట చెప్పాలని ఎంతో అనుకున్నాను, రాలేదు. ఆమె నా చెయ్యి పట్టుకుని ఎదురుచూసింది, ఎప్పటిలాగే. నేను నోరు తెరవకపోయేసరికి తానే అంది:

"ఏమన్నయితే మీ నాయినను ఎవ్వల్ని ఒక్క మాట అననియ్యకు బిడ్డా. అన్నీ తెల్సుకొనే ఒప్పుకున్న నేను."